మేస్త్రిగారు బిగించిన నట్టు

ఏలూరులో వట్లూరు వైపు పోయే దారిలో మా వర్క్‌షాపు ఉండేది. అందులో ఒకే మిల్లింగ్ మిషను ముందు ముప్ఫై ఏళ్ళకి పైగా నిలబడ్డాను. అంతకాలం ఒంటికాలి మీద నిలబడితే ఏ దేవుడో ప్రత్యక్షమయ్యేవాడు. నేను రెండు కాళ్ళ మీద నిలబడ్డాను కాబట్టి కాబోలు, మోకాళ్ళ నొప్పులు ప్రత్యక్షమయ్యాయి.

ఇప్పుడు పని నేర్చుకుంటున్న ఐటీఐ పిల్లలు ఎక్కడైనా కనబడితే, "మీ రోజుల్లో ఎలా ఉండేది సార్?" అని అడుగుతారు. నేను చేసిన గొప్ప పనులు చెప్పడం మొదలుపెడితే రెండో నిమిషానికి వాళ్ళ చేతులు ఫోను మీదికి పోతాయి. చెడగొట్టిన పని చెబితే మాత్రం కళ్ళింత చేసుకుని వింటారు. కాబట్టి నేను బాగా చెడగొట్టిన పని ఒకటి చెబుతాను. నా వెనకాల దీన్ని ఇంకా ఘోరంగా చెప్పేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకంటే ముందు నేనే చెప్పుకోవడం మేలు.

ముందుగా ఒక్క సంగతి. లేతు మీద కడ్డీ తిరుగుతుంది, పనిముట్టు కదలకుండా ఉంటుంది. మిల్లింగ్ మిషను మీద పళ్ళున్న కట్టర్ తిరుగుతుంది, కడ్డీ కదలకూడదు. నలుచదరం ఇనప ముక్కయితే వైసు దవడల్లో పెట్టి బిగించగానే బుద్ధిగా కూర్చుంటుంది. గుండ్రటి కడ్డీకి ఆ బుద్ధి లేదు. రెండు చదును దవడల మధ్య పెడితే అటొక గీతంత, ఇటొక గీతంత తాకుతుంది, మిగతా ఒళ్ళంతా గాలిలోనే. కట్టర్ పన్ను తగలగానే దొర్లిపోదామని చూస్తుంది. అందుకని దాన్ని వీ-బ్లాకుల్లో, అంటే నడుమ కోణంగా పల్లం తీసిన ఇనప దిమ్మల్లో పడుకోబెడతాం. ఆ పల్లం రెండు పక్కలా ఆపుతుంది. పైనుంచి క్లాంపు, అంటే అదిమిపట్టే ఇనప పట్టీ, వేసి నట్టు బిగిస్తే ఇక ఎటూ పోలేదు. క్లాంపుకీ కడ్డీకీ మధ్య చిన్న పేపరు ముక్క పెడతాం. కాగితం ఇనుముని పట్టుకుంటుందా అని మొదటిసారి చూసినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వాను. పట్టుకుంటుంది. మా దగ్గర రాశిఫలాల ముక్క వాడేవాళ్ళం, అది ఎవరికైనా నిజంగా ఉపయోగపడేది అక్కడొక్కచోటే.

మా మేస్త్రిగారు లేతు మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆదివారం వాళ్ళ చర్చిలో సంఘ పెద్ద, మిగతా ఆరు రోజులూ మాకు పెద్ద. ఆయనకి కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, మర్యాద పెరిగేది. మామూలుగా నన్ను "ఏవయ్యా, నువ్వు" అనే మనిషి "ఏవండీ, మీరు" అన్నారంటే ఎక్కడో కొంప మునిగిందన్నమాట.

యజమానిగారిది తరతరాలుగా ఇనప సామాను వ్యాపారం చేసే కుటుంబం. మిషన్లు ఆయనకి తండ్రి నుంచి వచ్చాయి గానీ మిషన్ల సంగతి రాలేదు. ఏ స్పానర్ ఏ నట్టుకో తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవారు కూడా కాదు. ఆ ఒక్క విషయంలో మా అందరికంటే ఆయనే నయం.

వర్క్‌షాపులో ఒక ఆచారం ఉండేది. ఒకరు బిగించిన నట్టు మీద ఇంకొకరు స్పానర్ పెట్టకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్న బోర్డు "ఇక్కడ ఉమ్మరాదు" ఒక్కటే, సరిగ్గా దాని కిందే ఉమ్మేవాళ్ళు. రాయని దాన్ని మాత్రం ప్రాణం పెట్టి పాటించేవాళ్ళం. దానికి కారణం ఉంది. నేను చేరకముందు ఒక కొత్త ఫిట్టరు, మేస్త్రిగారు బిగించిన నట్టు సరిగ్గా ఉందో లేదో అని ఒకసారి తిప్పి చూశాడట. మేస్త్రిగారు చేతులు కడుక్కుని, సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయారు. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు యజమానిగారు అరటిపళ్ళు పట్టుకెళ్ళి బతిమాలి తెచ్చుకున్నారు. అప్పట్నుంచి ఒకరి బిగింపుని ఇంకొకరు చూడటమంటే వాళ్ళింట్లో అన్నం తిని ఉప్పు చాలలేదని అనడంతో సమానం.

పైగా పొడవాటి కడ్డీకి రెండు క్లాంపులు వేస్తాం కదా, కట్టర్‌కి దగ్గరగా ఉన్నది మేస్త్రిగారు బిగించాలి, దూరంగా ఉన్నది నేను. పెళ్ళిలో ముందు అక్షింతలు పెద్దవాళ్ళు వేసినట్టు. ఆయన లేతు ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్పానర్ అందుకుని, బిగించి, "కానివ్వు" అని వెళ్ళిపోయేవారు. పాతికేళ్ళు ఇలాగే జరిగింది.

తర్వాత ఆయన చేతిలో పట్టు తగ్గింది. ఎవరికైనా తగ్గుతుంది, అందులో వింతేమీ లేదు. ఉగాది వెళ్ళాక ఒకరోజు ఆయన బిగించిన క్లాంపు కింద నుంచి పేపరు ముక్క వేలితో లాగితే ఊడొచ్చింది. గట్టిగా బిగిస్తే ఆ కాగితం చిరగాలి గానీ రాకూడదు.  ఆయనకి చెప్పాలా? నేనా? ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఆయన లేతు దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, దొంగలా ఆ నట్టుని ఇంకాస్త బిగించాను.

ఆ రోజు నుంచి అదే నా పని. బిగిసేటప్పుడు నట్టు కిర్రుమంటుంది. అది వినబడకుండా సరిగ్గా అప్పుడే గట్టిగా దగ్గేవాణ్ణి. కొన్నాళ్ళకి మేస్త్రిగారు నా దగ్గు గురించి బెంగపెట్టుకున్నారు. "ఇనప రజను ఊపిరితిత్తుల్లోకి పోతోందేమోనయ్యా" అని, ఇంట్లో మిరియాల కషాయం కాయించి ఫ్లాస్కులో తేవడం మొదలుపెట్టారు. నోరంతా మండిపోయేది. అయినా తాగేవాణ్ణి. చేసిన దొంగపనికి అది చాలా తక్కువ శిక్ష అని ఇప్పుడనిపిస్తుంది.

ఇలా ఆర్నెల్లు గడిచాక ఆ రోజు వచ్చింది. ఆకాశం వరసగా మూడో రోజు మూసుకుపోయి ఉంది. పది గంటలప్పుడు వర్క్‌షాపు ముందు ఒక ఆటో ఆగింది. దాని రెండు పక్కల నుంచీ ఒక ఇనప కడ్డీ పొడుచుకొచ్చి ఉంది. ఒక కొసకి ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టారు. కడ్డీని పట్టుకుని దిగినావిడకి నలభై ఏళ్ళుంటాయి. కొల్లేరు పక్క ఊరు. చెరువు కౌలుకి తీసుకుని చేపలు పెంచుతోంది.

"మబ్బు విడవట్లేదండి మేస్త్రిగారూ" అంది, ఇంకా లోపలికి రాకుండానే. "ఎండ లేకపోతే నీళ్ళలో గాలుండదు కదండీ. పొద్దున్న చూస్తే శీలావతులన్నీ పైకొచ్చేసి నోళ్ళు తెరుచుకుని తిరుగుతున్నాయి. ఉన్న ఒక్క ఏరేటర్‌కీ నిన్న షాఫ్టు విరిగింది. తాడేపల్లిగూడెంలో అడిగితే కొత్తది రావడానికి నాలుగు రోజులన్నారండి. నాలుగు రోజులయ్యాక నాకు ఏరేటరెందుకండీ, ఐసుగడ్డలు కావాలి గానీ!"

ఏరేటరంటే చెరువు నీళ్ళని రెక్కలతో చిలికి గాలి కలిపే యంత్రం. ఆవిడ తెచ్చిన కొత్త కడ్డీతో రెక్కల్ని తిప్పే షాఫ్టు చేసి, దాని ఒక కొసన పొడుగ్గా ఒక గాడి తీయాలి. ఆ గాడిలో కూర్చునే చిన్న ఇనప ముక్క లేకపోతే మోటారు తిరుగుతుంది గానీ రెక్కలు తిరగవు. ఆ గాడి తీయడమే నా పని.

"చేపలు పట్టడానికింకా ఎన్నాళ్ళుందమ్మా?" అని అడిగారు మేస్త్రిగారు.

"పదిహేను రోజులండి. ఏడాదంతా మేపాను. సాయంత్రానికి ఇది తిరగకపోతే రేపు తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలిపోద్దండి."

మేస్త్రిగారు చేతిలో ఉన్న పని పక్కన పడేసి కడ్డీని లేతు మీదికి ఎక్కించారు. ఒక కొస బేరింగుకి సరిపడా సన్నగా తిప్పి, రెండో కొస గాడి కోసం అలాగే ఉంచి, గంటన్నరలో నా మిషను దగ్గరికి తెచ్చారు. నేను వీ-బ్లాకులు సర్ది, కడ్డీ పడుకోబెట్టి, రాశిఫలాల ముక్కలు పెట్టి, దూరపు క్లాంపు బిగించి, స్పానర్ ఆయన చేతికిచ్చాను. ఆయన దగ్గరి క్లాంపు బిగించారు. మామూలుగా అయితే అక్కడ వెళ్ళిపోవాలి.

వెళ్ళలేదు. ఆ చేపల సంగతి విన్నాక ఆయనకి లేతు మీద మనసు పోలేదేమో, నా పక్కనే నిలబడ్డారు. రెండో పక్కన స్టూలు వేసుకుని ఆవిడ. నేను దగ్గాను. ఇంకోసారి దగ్గాను. ఆయన వెళ్ళి ఫ్లాస్కు తెచ్చి, "ముందిది తాగవయ్యా" అని మూతలో కషాయం పోసిచ్చారు. తాగాను. ఆయన మళ్ళీ అక్కడే నిలబడ్డారు.

ఆవిడ లేచి, కడ్డీని రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టి చూసింది. "అన్నయ్యగారూ, ఇది కాస్త కదులుతున్నట్టుందండి" అంది నాతో.

"కదలదమ్మా. మేస్త్రిగారు బిగించారు" అన్నాను.

నా ఉద్యోగంలో నేనాడిన అతి పెద్ద అబద్ధం అదే. అది అబద్ధమని తెలిసే ఆడాను. ఆ క్షణంలో నాకు చెరువు గుర్తులేదు, ఆ నోళ్ళు తెరిచిన చేపలు గుర్తులేవు. ఆయన ఎదురుగా ఆయన నట్టు మీద స్పానర్ పెట్టకుండా ఎలా తప్పించుకోవాలన్నదొక్కటే గుర్తుంది. నెమ్మదిగా కోస్తే సరిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకుని మిషను ఆన్ చేశాను.

సగం దాకా సరిపోయింది కూడా. తర్వాత కడ్డీ దొర్లింది. దూరంగా ఉన్న నా క్లాంపు ఒక్కటీ ఎంతని ఆపుతుంది? తిన్నగా పోవలసిన గాడి పక్కకి ఒరిగి, కట్టర్ ఇరుక్కుని, టప్పుమని విరిగింది. విరిగిన ముక్క ఎగిరి వెళ్ళి, బల్ల మీదున్న యజమానిగారి క్యారియర్‌కి తగిలింది. పప్పుచారు గిన్నె నేల మీద పడి దొర్లింది. ఆ ముక్క మా ముగ్గురిలో ఎవరి కంట్లోకైనా వెళ్ళి ఉండొచ్చు. పప్పుచారుతో పోయింది. ఆ రోజు మా అదృష్టం అంతవరకే.

మిషను ఆపాను. గాడి వంకర తిరిగి ఉంది. ఆవిడ దాన్ని చూసింది, మమ్మల్నిద్దర్నీ చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతులో తడి లేదు.

"ఎవరండీ సరిగ్గా బిగించంది?"

"నేనే" అన్నాను.

"కాదమ్మా, ఆ క్లాంపు నాది" అన్నారు మేస్త్రిగారు.

"కాదండి, మిషను నాది, చూసుకోవలసింది నేనే."

"అలా ఎలాగయ్యా, బిగించింది నేనైతే?"

"అబ్బే, మీదేముందండీ…"

"ఏవండీ!" అని ఆవిడ ఒక్క కేక పెట్టింది. "తప్పు దగ్గర కూడా మర్యాదలేనా? మీరు ముందంటే మీరు ముందని ఇక్కడ మీరిద్దరూ వరస కడితే అక్కడ నా చేపలు ఆగుతాయా? ఎవరిదైతే నాకెందుకండీ, బాగు చెయ్యండి!"

యజమానిగారు పప్పుచారు తొక్కకుండా వచ్చి, "పనికొస్తుందా?" అని అడిగారు. మేస్త్రిగారు కళ్ళజోడు పెట్టుకుని గాడిలో గోరు ఆనించి చూశారు. రెండో కొస అప్పటికే సన్నబడిపోయింది కాబట్టి అటు తీయడానికి లేదు. వంకర గాడికి సరిగ్గా ఎదురు పక్కన కొత్తది తీయాలి. "కడ్డీ కొంచెం బలం తగ్గుతుందమ్మా. ఏడాది ఆగుతుందని మాటివ్వలేను" అన్నారు.

"పదిహేను రోజులు ఆగితే చాలండి. తర్వాత చిలక్కొయ్యకి వాడుకుంటాను" అంది.

కొత్త కట్టర్ వేశాను. వీ-బ్లాకుల్లో రజను తుడిచాను. కడ్డీని సగం చుట్టు తిప్పి పెట్టాం. నా క్లాంపు నేను బిగించాను, ఆయన క్లాంపు ఆయన బిగించారు. ఈసారి పళ్ళు బిగబట్టి, ఒళ్ళంతా వంచి, మెడ నరాలు పొంగేలా బిగించారు. "కానివ్వు" అన్నారు.

ఆవిడ కట్టర్‌కి అడ్డంగా చెయ్యి పెట్టింది. "ఈయన బిగించింది మీరు చూడండి. మీరు బిగించింది ఈయన చూస్తారు. నా కళ్ళెదురుగా."

 మేస్త్రిగారే స్పానర్ నాకు అందించారు. అందుకున్నాను. నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా ఒక మోసం తోచింది నాకు. స్పానర్ నట్టుకి తగిలించి, మొహం ఎర్రగా చేసుకుని ముక్కి, బలం పెట్టకుండా వదిలేస్తే? "గట్టిగానే ఉందండి" అంటే? ఆవిడకేం తెలుస్తుంది? ఆయన పరువు దక్కుతుంది. అంతలో ఆవిడ మొహం చూశాను. అది చేస్తే ఇక నేను ఈ పనికి తగనని అనిపించింది. నిజంగానే తిప్పాను.

నట్టు కిర్రుమంది. సగం చుట్టు తిరిగింది. ఈసారి నేను దగ్గలేదు.

మేస్త్రిగారు ఆ నట్టునే చూస్తున్నారు. తర్వాత ఆయన నా నట్టు మీద స్పానర్ పెట్టి లాగారు. అది కదలలేదు. కదిలి ఉంటే బాగుండునని నేను ఎంతగా కోరుకున్నానో మీకు చెప్పలేను.

గాడి తిన్నగా వచ్చింది. మూడు గంటలకల్లా ఆవిడ కడ్డీకి మళ్ళీ ఎర్ర గుడ్డ కట్టుకుని ఆటోలో వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేదు.

ఆవిడ వెళ్ళాక మేస్త్రిగారు లేతు దగ్గరికి పోకుండా ఆ స్టూలు మీద కూర్చున్నారు.

"ఎప్పణ్ణించండీ?" అన్నారు.

"ఏవిటండి?"

"నేను బిగించాక మీరు మళ్ళీ బిగించడం ఎప్పణ్ణించి?"

మీరు అన్న మాట వినేసరికి కొంప మునిగిందని తెలిసిపోయింది. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి అని చెప్పాను. 

"అయితే ఆ దగ్గు?"

"దగ్గు లేదండి."

"మా ఆవిడ రోజూ తెల్లారకుండా లేచి మిరియాలు దంచేదండీ" అన్నారు. నేను తలెత్తలేదు. "అది పోనివ్వండి. మొన్న చర్చిలో నలుగురి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పానండీ. ఈ వయసొచ్చినా దేవుడు నా చేతి పట్టు తగ్గించలేదు, స్తోత్రం అని. అందరూ ఆమెన్ అన్నారు. ఆ పట్టు నాది కాదన్నమాట, మీది."

"మీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేకండి…"

"నాకు చెప్పి ఉంటే ఒక పైపు ముక్క తొడుక్కునేవాణ్ణి కదండీ!"

అంతే. స్పానర్ పిడికి జానెడు పైపు తొడిగితే పిడి పొడుగవుతుంది, సగం బలంతోనే నట్టు బిగుస్తుంది. అలా చెయ్యకూడదని మీ పుస్తకాల్లో ఉంటుంది, అడ్డదిడ్డంగా చేస్తే బోల్టు తెగుతుంది, అదీ నిజమే. ఆయన చేతికి మాత్రం ఎక్కడ ఆపాలో తెలుసు. బలమొక్కటే చాలట్లేదు. అలాంటి పైపు ముక్కలు మా వర్క్‌షాపు మూల బోలెడు పడి ఉండేవి. ఆర్నెల్లుగా నేను ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. కాపాడింది నా మొహమాటాన్ని. ఆయనకి వయసు మీద పడిన సంగతి ఆయనకే తెలియకుండా చేశాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ యజమానిగారికి ఫోను చేసింది. ఏరేటర్ తిరుగుతోందట. గట్టువార ఉన్నవి కొన్ని చచ్చిపోయాయట, చెరువు మాత్రం నిలబడిందట. "ఆ ఇద్దరూ ఇంకా మర్యాదలు చేసుకుంటున్నారా?" అని అడిగిందట కూడా. యజమానిగారు ఆ మాట వర్క్‌షాపంతా వినబడేలా చెప్పి నవ్వారు. మేస్త్రిగారు నవ్వలేదు.

ఆ పూట ఒక రైసుమిల్లు షాఫ్టు ఎక్కింది. నా క్లాంపు బిగించి స్పానర్ ఇచ్చాను. మేస్త్రిగారు జేబులోంచి ఒక పైపు ముక్క తీశారు. కొసలు ఆకురాయితో నున్నగా అరగదీసి తెచ్చారు. స్పానర్‌కి తొడిగి, నిదానంగా బిగించి, పైపు ఊడదీసి, స్పానర్ నాకిచ్చారు.

"చూడండి."

పెట్టి లాగాను. కదలలేదు. రెండు చేతులూ వేసి, కాలు బల్లకి తన్నిపెట్టి లాగాను. వెంట్రుకవాసి కూడా కదలలేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, నవ్వుతూ ఆయన వైపు తిరిగాను.

ఆయన నా చేతుల్ని చూస్తున్నారు.

"నిజంగానే తిరగలేదా," అన్నారు, "మర్యాదకి ఆపారా?"

"నిజంగానే తిరగలేదండి. దేవుడి తోడు."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. తర్వాత నా చేతిలోంచి స్పానర్ తీసుకుని, యజమానిగారిని పిలిచి, దాన్ని ఎలా పట్టుకోవాలో చూపించి, ఆ నట్టు తిప్పి చూడమని ఆయన చేతికిచ్చారు.